సీజ్, ఇమిగ్రేషన్, ఆర్డినెన్స్... దగ్గరి మాటల మధ్య తేడా పేపర్లో పోతోంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంటికి నాన్న ఉన్నప్పటి నుంచి వస్తోంది. నేను సంగారెడ్డిలో టైపింగ్, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతా. పొద్దున షాపు తెరవగానే పేపర్ బల్ల మీద పెడితే సాయంత్రం దాకా వచ్చినోళ్లంతా దాన్ని చదువుతూనే ఉంటారు, చదివి నన్ను అడుగుతుంటారు, కాబట్టి పేపర్లో వచ్చిన మాటని జనం ఎట్లా అర్థం చేసుకుంటున్నారో నాకు రోజూ కళ్ల ముందే కనబడుతుంది. ఇంగ్లిష్‌లో చూడ్డానికి కవలల్లా ఉండి అర్థంలో మాత్రం ఎక్కడికక్కడ వేరుగా ఉండే మాటలు కొన్ని ఉన్నాయి కదా, అవి తెలుగు అక్షరాల్లోకి వచ్చేసరికి ఆ ఉన్న కాస్త తేడా కూడా పోయి రెండూ ఒక్కటే మాట అయిపోతున్నాయి. ఇంగ్లిష్ పేపర్ చదివేవాళ్లకి కనీసం స్పెల్లింగ్ చూసి పోల్చుకునే వీలుంటుంది, తెలుగులో చదివేవాళ్లకి అది కూడా లేదు. ఇది మీ పేపర్ ఒక్కదాని సంగతి కాదు, అన్ని పేపర్లూ, టీవీల్లో కింద పోయే స్క్రోలింగులూ అన్నీ ఇదే దారిలో ఉన్నాయి. ఇంగ్లిష్ మాటలు వాడొద్దని నేను అనట్లేదు, నేను కూడా రోజంతా అవే మాట్లాడతా. ఏ మాట వాడినా సరే, ఒక మాటకి ఒక అర్థం నిలబడేట్టు రాయండి అని అడుగుతున్నా. ఎందుకంటే ఆ మాట పట్టుకునే జనం దరఖాస్తులు పెడుతున్నారు, డబ్బులు కడుతున్నారు, విమానం ఎక్కుతున్నారు, మందులు కూడా వేసుకుంటున్నారు.

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది సీజ్. షాపు సీజ్, లారీ సీజ్, ఆస్పత్రి సీజ్, బ్యాంకు అకౌంట్లు సీజ్, స్కూలు సీజ్, ఏదైనా సీజే. సీజ్ అంటే వస్తువుని స్వాధీనం చేసుకోవడం, మన మాటలో జప్తు. షాపుకి తాళం వేసి, దాని మీద లక్క ముద్ర కొట్టి, కాగితం అంటించి పోతే అది సీల్. అకౌంట్లో డబ్బు కదలకుండా ఆపితే అది ఫ్రీజ్. ఈ మూడింటికీ చాలాసార్లు పోవాల్సిన ఆఫీసు వేరు, రాయాల్సిన దరఖాస్తు వేరు. మా షాపుకి ఒకాయన వచ్చి, వాళ్ల బామ్మర్ది ఎరువుల షాపు సీజ్ చేశారని పేపర్లో పడింది, సీజ్ చేసిన సరుకు వాపస్ ఇప్పించమని దరఖాస్తు టైప్ చేయమన్నాడు. సరుకు ఏమేం తీసుకుపోయారు, లిస్టు ఉందా అని అడిగితే ఫోన్ చేసి కనుక్కున్నాడు, ఒక్క బస్తా కూడా తీసుకుపోలేదంట, షట్టర్‌కి సీలు వేసి నోటీసు అంటించి పోయారంట, సరుకంతా లోపలే ఉంది. అంటే ఆయన అడగాల్సింది సీలు తీయమని, ఆ నోటీసులో చెప్పిన లోపానికి జవాబు ఇస్తూ. సరుకు వాపస్ ఇవ్వండి అని రాసుకుపోతే ఆ ఆఫీసులో మేము సరుకు తీసుకోలేదు కదా అని కాగితం వెనక్కి ఇచ్చేవాళ్లు, తిరగడానికే రోజులు పోయేవి.

నిజంగా సీజ్ చేసినప్పుడు జనానికి తెలియాల్సిన విషయం ఇంకొకటి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 105 ప్రకారం పోలీసులు సోదా చేసి వస్తువులు స్వాధీనం చేసుకుంటే దాన్నంతా ఆడియో, వీడియో రికార్డు చేయాలి, తీసుకున్న వస్తువుల లిస్టు రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ఇది సామాన్యుడికి చాలా పనికొచ్చే రక్షణ. కానీ సీలు వేసినా సీజే, తాళం వేసినా సీజే అని పేపర్లో రాస్తూ పోతే ఎప్పుడు లిస్టు అడగాలో ఎప్పుడు నోటీసు చూపించమనాలో వాళ్లకి ఎట్లా తెలుస్తుంది. ఇక యుద్ధం వార్తలు వచ్చినప్పుడు సీజ్‌ఫైర్ అని కొట్టేస్తున్నారు, అది సీజ్ కాదు, సీస్, అంటే ఆపడం. కోటని ముట్టడించడాన్ని కూడా ఇంగ్లిష్‌లో సీజ్ అనే పలుకుతారు, అది మూడో మాట. ముట్టడి, జప్తు, విరమణ అని మనకి మూడు వేర్వేరు మాటలు పుష్కలంగా ఉన్నాయి, కాల్పుల విరమణ అని పేపర్లే ఎన్నో ఏళ్లు రాశాయి, పల్లెల్లో ముసలివాళ్లకి కూడా అర్థమయ్యే మాట అది, దాన్ని వదిలేసి ఎవరికీ అర్థం కాని దాన్ని తెచ్చిపెట్టుకున్నాం.

ఇంతకంటే నాకు ఎక్కువ బాధ అనిపించేది గల్ఫ్ వార్తల్లో. మా జిల్లా నుంచి, పక్కన మెదక్, కామారెడ్డి, నిజామాబాద్, ఇటు జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు లేని ఊరు ఉండదు. వాళ్ల వార్తల్లో ఎప్పుడూ వచ్చే మాట ఇమిగ్రేషన్. ఇంగ్లిష్‌లో ఇవి రెండు మాటలండి. ఎమిగ్రేషన్ అంటే మన దేశం విడిచి బయటికి పోవడం, ఇమిగ్రేషన్ అంటే బయటి నుంచి ఒక దేశం లోపలికి రావడం. తెలుగులో రాస్తే మొదటి అక్షరం ఒక్కటే తేడా, అర్థం పూర్తిగా ఎదురు. మన దేశంలో వీటికి చట్టాలు కూడా వేరు వేరు. పని కోసం బయటికి పోయేవాళ్ల గురించి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది, అది విదేశాంగ శాఖ చూస్తుంది, దాని కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ఆఫీసులు ఉంటాయి, హైదరాబాద్‌లో కూడా ఒకటి ఉంది. బయటి దేశాలవాళ్లు ఇక్కడికి రావడం, ఉండడం గురించి 2025లో కొత్తగా ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం వచ్చింది, అది హోం శాఖ చూస్తుంది. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు మీద స్టాంపు కొట్టే కౌంటర్‌ని మాత్రం పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా ఇమిగ్రేషన్ అనే అంటారు, గందరగోళం మొత్తం ఇక్కడే మొదలవుతుంది.

టెన్త్ పాస్ కానివాళ్లకి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది, అందులో ఈ అంటే ఎమిగ్రేషన్, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాలి అని. ఆ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా లాంటి దేశాలకి పని మీద పోవాలంటే ముందే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, ఇప్పుడు అది ఈ-మైగ్రేట్ అనే వెబ్‌సైట్‌లో జరుగుతుంది. ఆ క్లియరెన్స్ ఏదో మామూలు స్టాంపు అనుకునేరు, దాని వెనకాల కంపెనీ వివరాలు, జీతం, పని ఒప్పందం చూస్తారు, ఏజెంటు లైసెన్సు ఉన్నవాడేనా అనేది తేలుతుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ఇన్సూరెన్స్ తప్పనిసరి అవుతుంది, అక్కడ ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అవిటివాళ్లయినా 10 లక్షల రూపాయల బీమా అది, కొన్ని వందల రూపాయల ప్రీమియంతో. కూలి పనికి పోయే మనిషికి, వాడి మీద ఆధారపడ్డ పెళ్లాం పిల్లలకి దీనికంటే పెద్ద అండ ఇంకేముంటుంది.

ఇప్పుడు జరిగేది చూడండి. ఏజెంటు విజిట్ వీసా తెచ్చి చేతిలో పెడతాడు, అక్కడికి పోయినంక వర్క్ వీసా చేపిస్తా అంటాడు. ఆ కుర్రాడు టికెట్ ప్రింటు కోసం మా షాపుకి వస్తే నేను పాస్‌పోర్టు చూసి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అయిందా తమ్మీ అని అడుగుతా. "ఇమిగ్రేషన్ ఎయిర్‌పోర్టులనే అయితదట గదా అన్నా, ఏజెంట్ జెప్పిండు, పేపర్ల గూడ అట్లనే రాసిండ్రు" అంటాడు. వాడి తప్పేం లేదు. పేపర్లో చూస్తే "ఇమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా వెళ్లి ఇబ్బందులు" అని ఉంటుంది, అదే పేజీలో ఇంకో వార్తలో "శంషాబాద్ ఇమిగ్రేషన్ అధికారులు అడ్డుకున్నారు" అని ఉంటుంది, చదివినవాడు రెండూ ఒకటే అనుకోక ఏమనుకుంటాడు. ఎయిర్‌పోర్టులో స్టాంపు పడింది కాబట్టి అంతా సక్రమమే అని నమ్ముకుని పోతాడు. అక్కడ జీతం ఇవ్వకపోయినా, ప్రమాదం జరిగినా అప్పుడు తెలుస్తుంది తన పేరు ఏ రికార్డులోనూ కార్మికుడిగా లేదని, బీమా లేదని. మోసం చేసేది ఏజెంటే, అందులో అనుమానం లేదు, కానీ ఆ మోసానికి ఈ మాటల గందరగోళం బాగా కలిసొస్తోంది. ఎమిగ్రేషన్ అని రాయాల్సిన చోట ఎమిగ్రేషన్ అని, పక్కనే "బయటి దేశానికి పనికి వెళ్లే అనుమతి" అని రెండు ముక్కలు కలిపితే చాలు, ఒక్క లైను కూడా పెరగదు.

మా దగ్గరి ఉదాహరణ ఇంకొకటి చెప్తా. సంగారెడ్డి పక్కనే ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, సైన్యం వాడే బీఎంపీ రకం వాహనాలు అక్కడ తయారవుతాయి, మేము ఓడీఎఫ్ అంటాం. పేపర్లలో మాత్రం ఎప్పుడూ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అని వస్తుంది. ఆర్డినెన్స్ అంటే శాసనసభ గానీ పార్లమెంటు గానీ నడవనప్పుడు గవర్నరో రాష్ట్రపతో ఇచ్చే అత్యవసర చట్టం, రాజ్యాంగంలో 123, 213 ఆర్టికల్స్ కింద, సభ మళ్లీ మొదలయ్యాక ఆరు వారాల్లోపు ఆమోదం పొందకపోతే పోతుంది. ఫ్యాక్టరీ పేరులో ఉన్నది ఆర్డ్‌నెన్స్, మధ్యలో ఇ లేదు, అర్థం ఆయుధ సామగ్రి. రెండూ పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఒకే మాట నుంచి చీలినవే, అందుకే అంత దగ్గరగా ఉంటాయి, అయినా ఈ రోజు ఒకదానికి ఇంకోదానితో ఏ సంబంధమూ లేదు.

సంబంధం లేదన్నా 2021లో రెండూ ఒకే వార్తలో వచ్చాయి, మా ఊరివాళ్లు మర్చిపోలేరు. దేశంలో ఉన్న 41 ఆయుధ కర్మాగారాలని ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొడతామని కేంద్రం చెప్పింది, కార్మిక సంఘాలు సమ్మెకి దిగుతామన్నాయి, జూన్ 30న కేంద్రం రక్షణ ఉత్పత్తి సంస్థల్లో సమ్మెలు నిషేధించే ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టం కూడా అయింది. ఆ వార్తని తెలుగులో రాస్తే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల మీద ఆర్డినెన్స్ అవుతుంది. ఆ రోజుల్లో అక్కడ పనిచేసేవాళ్ల ఇంట్లోవాళ్లే వచ్చి, ఆర్డినెన్స్ రద్దు అంటున్నారు, అంటే మా ఫ్యాక్టరీ రద్దా అని భయంగా అడిగేవాళ్లు. సంఘాలు రద్దు చేయమన్నది ఆ అత్యవసర చట్టాన్ని. 2021 అక్టోబర్ 1 నుంచి ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే కంపెనీ కిందికి పోయింది, అది కూడా ప్రభుత్వానిదే. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని నిద్రపోని ఇళ్లల్లోకి పేపర్ పొద్దున్నే పోతుంది, అట్లాంటి చోట ఆయుధ కర్మాగారం అని స్పష్టంగా రాసి ఉంటే ఆ ఆడవాళ్లకి అంత కంగారు ఉండేది కాదు. చట్టానికి ఆర్డినెన్స్ అనే ఉంచండి, అది జనానికి అలవాటైపోయింది, ఫ్యాక్టరీకి మాత్రం మన మాట వాడండి.

ఇట్లాంటిదే కోఆపరేటివ్, కార్పొరేట్. మా దగ్గర సగం మంది కార్పొరేటివ్ సొసైటీ అంటారు, కార్పొరేటివ్ బ్యాంకు అంటారు. కోఆపరేటివ్ అంటే సభ్యులందరూ కలిసి నడుపుకునేది, సహకార సంఘం, ఎన్ని షేర్లు ఉన్నా ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు అనేది దాని పునాది. కార్పొరేట్ అంటే వాటాలు ఎన్ని ఉంటే అంత అధికారం. దాదాపు తలకిందులు అన్నట్టే కదా. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం ఎన్నికలు అని పేపర్లో రాసినప్పుడు రైతుకి అది తన సంఘమని గుర్తుకొస్తుంది, సొసైటీలని కార్పొరేట్ స్థాయికి తీసుకెళ్తాం లాంటి మాటలు హెడ్డింగుల్లో పడితే ఆ తేడా మొత్తం మరుగున పడిపోతుంది.

ఆరోగ్యం పేజీ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. హైపో, హైపర్. ఒకటి తక్కువ, ఇంకొకటి ఎక్కువ. ఈ రెండూ తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. థైరాయిడ్ విషయంలో గందరగోళం రెట్టింపు, ఎందుకంటే హైపోథైరాయిడ్ ఉన్నవాళ్లకి రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువ చూపిస్తుంది. మెడ దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయనప్పుడు, ఇంకా పని చెయ్యి అని మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి ఎక్కువ టీఎస్‌హెచ్ పంపిస్తుంది, అందుకే ఆ నంబరు పెరుగుతుంది. ఇది తెలియని మనిషి రిపోర్టు పట్టుకుంటే టీఎస్‌హెచ్ పక్కన హై అని ఉంటుంది, హై అంటే హైపర్ అనుకుంటారు. మా షాపులో ఆన్‌లైన్ రిపోర్టులు ప్రింటు తీస్తుంటే ఆడవాళ్లు రోజూ అడుగుతారు, "నాది హైపరా అన్నా, మొన్న పేపర్ల జదివిన, హైపర్ అయితే గుండె దడ వస్తదని రాసిండ్రు" అని. అట్లా అడిగిన ఒకామె రిపోర్టులో టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్, తక్కువ ఉంది, టీఎస్‌హెచ్ ఎక్కువ ఉంది, నేను డాక్టర్‌ని కాదు, ఇది డాక్టర్‌కే చూపించమ్మా అని మాత్రమే చెప్పా. పేపర్లో హైపోథైరాయిడ్ అని రాసిన ప్రతిచోటా "హార్మోన్ తక్కువ తయారవడం" అని, హైపర్ దగ్గర "ఎక్కువ తయారవడం" అని రాసి, తక్కువ రకంలో టీఎస్‌హెచ్ నంబరు పెరుగుతుందని ఒక్క వాక్యం కలిపితే ఎంత మేలు. తక్కువ ఉన్నవాళ్లకి థైరాక్సిన్ ఇస్తారు, ఎక్కువ ఉన్నవాళ్లకి తగ్గించే మందులు వేరే ఉంటాయి. పక్కింటావిడ వాడుతోందని ఆ మాత్రే తెచ్చి వేసుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, ఎక్కువ ఉన్న మనిషి థైరాక్సిన్ వేసుకుంటే గుండె దడ ఇంకా పెరుగుతుంది.

షుగర్‌లో కూడా అంతే. హైపోగ్లైసీమియా అంటే షుగర్ పడిపోవడం, 70 కంటే కిందికి పోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి, వెంటనే చక్కెర గానీ గ్లూకోజ్ గానీ ఇవ్వాలి, ఆలస్యం చేస్తే స్పృహ పోతుంది. హైపర్ అంటే పెరగడం, అప్పుడు చక్కెర ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హెడ్డింగులో ఒక్క అక్షరం మారితే చదివినవాడు ఏం నేర్చుకుంటాడో ఒకసారి ఆలోచించండి. షుగర్ పడిపోవడం, షుగర్ పెరిగిపోవడం అని ఇళ్లల్లో మాట్లాడుకునే మాటలే ఉన్నాయి, డాక్టర్లు కూడా పేషెంటుతో అవే అంటారు, పేపర్ ఎందుకు వాటికంటే కష్టమైన మాట వెతుక్కోవాలి.

కౌన్సిల్, కౌన్సెల్ సంగతి వేరు, ఇది ప్రాణాంతకం కాదు గానీ పిల్లల భవిష్యత్తు విషయం. కౌన్సిల్ అంటే మండలి, దాని సభ్యుడు కౌన్సిలర్, మా మున్సిపాలిటీలో వార్డుకి ఒకరు. కౌన్సెల్ అంటే సలహా, కోర్టులో వాదించే లాయర్‌ని కూడా కౌన్సెల్ అంటారు, సలహా చెప్పే మనిషి కౌన్సెలర్. పేపర్లో మాత్రం ఈఏపీసెట్ కౌన్సిలింగ్ అనే వస్తుంది. స్కూళ్లలో పిల్లల మానసిక ఒత్తిడికి కౌన్సిలర్లు ఉండాలి అని వార్త పడితే, వార్డు కౌన్సిలర్ బడికొచ్చి ఏం చెప్తాడు అని మా షాపులోనే ఒక పెద్దమనిషి నిజంగానే కోపంగా అడిగాడు. ఆయనది నిండా న్యాయమైన ప్రశ్న. పరీక్షల భయంతో పిల్లలు ఏమైపోతున్నారో మనం చూస్తూనే ఉన్నాం, వాళ్లతో కూర్చుని మాట్లాడే మనిషి ఎవరో తల్లిదండ్రులకి మొదటి చదువులోనే తెలియాలి.

ఆఫీసు కాగితాల్లో ఇంకా చాలా ఉన్నాయి, గబగబా చెప్తా. పెళ్లయిందా లేదా అని అడిగే మేరిటల్ స్టేటస్‌ని మార్షల్ స్టేటస్ అని చదివి ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేస్తారు, మార్షల్ అంటే యుద్ధానికి సంబంధించింది, అసెంబ్లీలో సభ్యుల్ని బయటికి పంపే మార్షల్స్ ఇంకో మాట, తెలుగులో మూడూ కలిసిపోయాయి. క్యాజువల్ లీవ్ లెటర్లు టైప్ చేయమని చేత్తో రాసుకొచ్చే వాటిల్లో కాజల్ (causal) అనే స్పెల్లింగే ఎక్కువ, దాని అర్థం కారణానికి సంబంధించింది అని. బ్యాంకు నోటీసులో ప్రిన్సిపల్ అంటే అసలు, కాలేజీ ప్రిన్సిపల్ దీ అదే స్పెల్లింగ్, సిద్ధాంతం అనే అర్థం ఉన్న ప్రిన్సిపుల్ వేరు, వన్ టైమ్ సెటిల్‌మెంట్ వార్తల్లో అసలు, వడ్డీ అని రాస్తే ఏ రైతుకైనా క్షణంలో తెలుస్తుంది ఏది మాఫీ అవుతోంది ఏది కట్టాలి అనేది. అడాప్ట్ అని రెండు ఉన్నాయి, ఒకటి దత్తత తీసుకోవడం, ఇంకొకటి పరిస్థితికి తగ్గట్టు మార్చుకోవడం, తెలుగులో ఒకే రకంగా రాస్తున్నాం.

వీటికి పూర్తిగా ఎదురుగా ఇంకొకటి ఉంది, చూడ్డానికి వ్యతిరేక పదాల్లా ఉండి అర్థం మాత్రం ఒకటే అయినవి. పెట్రోల్ ట్యాంకర్ వెనకాల హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట ముందు ఇన్ వస్తే చాలాసార్లు కాదు అని అర్థం కదా, దాంతో మండనిది అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఇట్టే అంటుకునేది అనే. ఆ ఇన్ లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ దానికి లోపల అనే అర్థం. ఈ ప్రమాదం గుర్తించే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ మీద పనిచేసే నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920లలోనే ఫ్లేమబుల్ అనే మాటే వాడమని ప్రచారం చేసింది. పటాన్‌చెరు, పాశమైలారం ఇండస్ట్రియల్ ఏరియాల్లో కెమికల్ డ్రమ్ముల మధ్య పనిచేసేవాళ్లు మా చుట్టుపక్కలే ఉంటారు, అందులో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు కూడా చాలామంది. ఫ్యాక్టరీ ప్రమాదాల వార్తలు రాసేటప్పుడు "త్వరగా మంటలు అంటుకునే రసాయనం" అని రాయండి, ఆ ఇంగ్లిష్ మాట అట్లాగే ఎత్తి పెట్టకండి.

రాత్రి పది గంటలకి వార్తా ఏజెన్సీ కాపీ ఇంగ్లిష్‌లో వస్తే అరగంటలో తెలుగు చేసి పేజీ వదలాల్సిన సబ్ ఎడిటర్ల కష్టం నాకు తెలుసు, మా చుట్టాల్లో ఒకబ్బాయి డెస్కులో పనిచేసేవాడు. ప్రతి మాటకీ డిక్షనరీ తీసే టైమ్ ఉండదు. కానీ తల్చుకుంటే అవుతుందని మీ పేపర్లే చూపించాయి. పాల డెయిరీని డెయిరీ అని, రోజూ రాసుకునే డైరీని డైరీ అని ఎంత చక్కగా విడదీసి రాస్తున్నారు, ఇంగ్లిష్‌లో ఆ రెండింటి అక్షరాలు అవే, వరుస మాత్రమే మారుతుంది, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అక్కడ తడబడతారు, తెలుగు పాఠకుడు మాత్రం ఎప్పుడూ తడబడడు. అంటే ఎవరో ఒకరు ఒకప్పుడు కూర్చుని ఇది ఇట్లా, అది అట్లా అని తేల్చారన్నమాట. అదే పని ఇంకో ఇరవై ముప్పై మాటలకి చేయమని నా విన్నపం.

మన మాట జనం నోట్లో ఇంకా బతికి ఉంటే దాన్నే వాడాలి, జప్తు, సీలు, అసలు, దత్తత, సహకార సంఘం లాంటివి. అది లేనప్పుడు రెండు ఇంగ్లిష్ మాటలకి రెండు వేరు వేరు తెలుగు స్పెల్లింగులు ఖాయం చేసి, ఎమిగ్రేషన్, ఇమిగ్రేషన్ లాగా, కౌన్సెలర్, కౌన్సిలర్ లాగా, జిల్లా రిపోర్టర్లతో సహా అందరికీ పంపాలి, పాఠకులకి కూడా ఒక రోజు బాక్సు కట్టి వేయాలి. ఆరోగ్యం పేజీలో మాత్రం తక్కువ, ఎక్కువ అనే మాటలు లేకుండా హైపో, హైపర్ ఒంటరిగా రానివ్వకండి. ఇంకొకటి, గల్ఫ్ ఉద్యోగాల యాడ్స్ మీ క్లాసిఫైడ్స్‌లో వస్తుంటాయి, ఇమిగ్రేషన్ మేమే చూసుకుంటాం అని ఉండేవి, ఆ యాడ్ తీసుకునేవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్సా, ఏజెంటు లైసెన్స్ నంబరు ఎంత అని ఒక్క ప్రశ్న అడిగి ఆ నంబరు కూడా యాడ్‌లో వేస్తే, దాన్ని పట్టుకుని ఈ-మైగ్రేట్‌లో చెక్ చేసి చెప్పడానికి మాలాంటి షాపులవాళ్లం ప్రతి మండలంలో ఉన్నాం.

నా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో తరచుగా తారుమారయ్యే మాటలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నా, దేని అర్థం ఏమిటి, మా దగ్గర జనం దాన్ని ఏమంటారు అనే వివరాలతో. మీ డెస్కుకి పనికొస్తుందంటే పంపిస్తా, ఏ అడ్రస్‌కి పంపాలో పేపర్లో ఒక ముక్క వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సంగారెడ్డి